నడుము నుంచి నేల దాకా

బాన్సువాడ,
17 మార్చి 2025, సోమవారం

బిడ్డ స్పందనకు,

మామ సమ్మన్న రాస్తున్నాను. గౌను పార్సిల్ శనివారం అందింది. తడవలేదు, నలగలేదు. డబ్బా పెద్దది. బస్టాండు నుంచి దుకాణం దాకా నెత్తిన పెట్టుకొని తెచ్చాను. దారిలో ముగ్గురు ఆపి ఏందని అడిగారు. మా చెల్లె బిడ్డ పెళ్లి గౌను అని చెప్పాను. ఒకే రోజు ముగ్గురితో మాట్లాడి చాలా కాలమైంది.

నలభై ఏడేండ్లు ప్యాంట్లు, చొక్కాలు, బడిపిల్లల డ్రెస్సులు కుట్టాను. ఇట్లాంటిది ఎప్పుడూ చేత పట్టలేదు. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కొని విప్పాను. పైన నెట్టు, దాని కింద శాటిన్, లోపల అస్తరు. మూడు పొరలు. కింద చుట్టుకొలత ఐదు గజాలు ఉంటుంది. నడుము దగ్గర ఒక కుట్టు వంకరగా ఉంటే విప్పి సరిచేశాను. నువ్వు చెప్పలేదు. అయినా చేశాను.

ఒక రోజంతా ఫ్యాను కొక్కానికి వేలాడదీశాను. కొత్త గుడ్డ దాని బరువుకి అదే కిందికి దిగుతుంది. దిగిన తర్వాతనే అంచు మడవాలి. ముందే మడిస్తే పెళ్లినాటికి ఒక పక్క కుంగుతుంది. దుకాణం ముందు కూరగాయలు పెట్టుకునే దేవీబాయి లోపలికి తొంగి చూసింది. నా చెవి దగ్గరకు వచ్చి, "గిదేంది సమ్మన్నా, దోమతెర కుడ్తున్నవా?" అని అరిచింది. నీ పెళ్లి గౌను అని చెబితే చెంగుతో చేతులు తుడుచుకొని ముట్టుకుంది. "మా తండల పెండ్లిపిల్ల బట్టకు ఎన్ని అద్దాలుంటయి! పాపం గీ పిల్లకు ఒక్క అద్దం గూడ పెట్టలేదు" అని బాధపడింది.

ఇగ పని మాట. నడుము నుంచి నేల దాకా నీ కొలత కావాలి. నిటారుగా నిలబడు. తల వంచి టేపు చూడకు. వంచితే కొలత తప్పుతుంది. పక్కవాళ్ళతో కొలిపించు. ఒక్క ఆదివారం నువ్వే వస్తే ఐదు నిమిషాల పని. కానీ ఆఫీసు సెలవుల సంగతి నాకు తెలుసు.

పాస్టరు గారిని కలిశాను. మే ఇరవై తొమ్మిది అన్నావు కదా, ఆ రోజు మన చర్చి నీ కోసమే అన్నారు. చాపలు పాతబడ్డాయి. రెండు వరుసలకైనా కొత్తవి వేయించాలి. నీ అత్త లస్మవ్వ ఉంటే ఈపాటికి సగం పనులు అయిపోయేవి. ఆమె పోయి రెండేండ్లు అయినా పొద్దున రెండు గ్లాసుల చాయ పోస్తున్నాను. ఒకటి మిగులుతుంది.

ఫోను చేయకు. దాంట్లో నీ గొంతు నాకు ఈల వేసినట్టు వినబడుతుంది తప్ప మాట తెలియదు. ఉత్తరమే రాయి.

దుకాణంలో నుంచి,
మామ

*

సికింద్రాబాద్,
25 మార్చి 2025

మామా,

నీ ఉత్తరం మా హాస్టల్‌లో నలుగురు చదివారు. దోమతెర దగ్గర ప్రేమలత ఎంత నవ్విందంటే తాగుతున్న నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. ప్రేమలత నా రూమ్మేట్. దేవీబాయి అత్తకు చెప్పు, అద్దాలు నా మనసులో కూడా ఉన్నాయని. కానీ గౌను కొన్నది మా పెళ్లికొడుకు వెస్లీ వాళ్ళ అక్క. ఆమె ముందు అద్దాల మాట ఎత్తే ధైర్యం లేక ఊరుకున్నా.

కొలత ప్రేమలతే తీసింది. నిటారుగానే నిలబడ్డా, తల వంచలేదు. మూడుసార్లు కొలిచింది. నలభై ఒక్క ఇంచులు. అంతకు మడిచేస్తే చాలు మామా.

ఇంకో సంగతి. నీ కాలికి ఏ నంబరు పడుతుంది? చెప్పుల నంబరు. మర్చిపోకుండా రాయి. ఎందుకో తర్వాత చెబుతా.

చాపలు అప్పుడే కొనకు. ఎండలు మండిపోతున్నాయి, చర్చి పనులని నువ్వు అటూ ఇటూ తిరగకు. ఇంకా టైముంది కదా. ఆదివారం రావాలనే ఉంది. మా టీంలో ఇద్దరు మానేశారు. వాళ్ళ పని కూడా నా మీదే పడింది. ఉన్న సెలవులన్నీ పెళ్లికి దాచుకుంటున్నా.

చెవి మిషన్ పెట్టుకుంటున్నావా? నిజం రాయి.

రెండో గ్లాసు చాయ దేవీబాయి అత్తకు ఇయ్యరాదా?

నీ
స్పందన

*

బాన్సువాడ,
3 ఏప్రిల్ 2025

స్పందన బిడ్డకు,

ఉత్తరం వచ్చింది. చెవి మిషన్ గుండీల డబ్బాలో ఉంది. పెట్టుకుంటే కుట్టుమిషన్ చప్పుడు రైలు చప్పుడంత అవుతుంది. మనిషి మాట మాత్రం దూరంగానే ఉంటుంది. అందుకే తీసేశాను. నిజం రాయమన్నావు, రాశాను.

రెండో గ్లాసు దేవీబాయికి ఇచ్చాను. చక్కెర తక్కువైందని తిట్టింది. మళ్ళీ ఇచ్చాను.

నువ్వు చెప్పిన నలభై ఒకటికి అంచు మడిచాను. మూడు రోజులు పట్టింది. శాటిన్ జారుతుంది, నెట్టు సూదికి చిక్కదు. కళ్ళద్దాలు పెట్టుకొని చేతితోనే కుట్టాను.

కుట్టి దుకాణం దర్వాజ దగ్గర పెట్టి చూశాను. ఆ దర్వాజకు నీ గీతలున్నాయి. యాదికి ఉందో లేదో. ఏటా బడి తెరిచేముందు నీకు ఫ్రాకు కుట్టేటప్పుడు నిన్ను అక్కడ నిలబెట్టి నడుము దగ్గర మేకుతో గీసేవాణ్ణి. ఒకటో తరగతి నుంచి ఇంటరు దాకా పన్నెండు గీతలు. చివరి గీత నేల నుంచి ముప్పై ఎనిమిదిన్నర. నా కొలతల పుస్తకంలో కూడా అదే ఉంది. గౌను నడుము ఆ గీతకు ఆనించి పట్టుకుంటే కింద రెండున్నర ఇంచులు నేల మీద పడింది.

ఇరవై ఏడేండ్ల పిల్ల రెండున్నర ఇంచులు పెరగదు. మీ ప్రేమలత టేపు ఎక్కడ పట్టిందో నాకు తెలుసు. నడుమంటే నడుము, పక్కటెముకలు కాదు.

కాబట్టి ఇంకా మడవాలి. నేలకు ఒక ఇంచు పైన ఆగాలి. మన చర్చిలో మెట్ల దగ్గర చెప్పులు విడిచి ఒట్టి కాళ్ళతో లోపలికి పోతాం. చాపల మీద నడవాలి. చాప అంచుకు గౌను చిక్కితే ముందుకు పడతావు. నిరుడు ఒక పెళ్లిలో పిల్ల అట్లనే పడబోయింది. నేను చూశాను. నువ్వు సరే అంటే మిగతాది మడుస్తాను.

నాకు చెప్పులు ఉన్నాయి. పోయిన ఏడు కొన్నవే. కొత్తవి వద్దు. ఎట్లాగూ బయటే విడుస్తాం కదా, వాటిని ఎవరు చూస్తారు.

నిజాంసాగర్ కాలువ నీళ్ళు ఇంకా వదులుతున్నారు. ఈసారి వరి బాగుంది. కోతలు అయ్యాక పెళ్లి కాబట్టి మన వాళ్ళందరూ వస్తారు. కూలికి పోయేవాళ్ళు కూడా ఆ వారం ఖాళీ. చెప్పి పెట్టాను.

నీ జవాబు కోసం చూస్తూ,
మామ

*

సికింద్రాబాద్,
12 ఏప్రిల్ 2025

మామా,

గౌను ఇంకా మడవకు. నలభై ఒకటి సరైన కొలతే. ప్రేమలత తప్పు కొలవలేదు. అక్కడితో ఆపి పార్సిల్ చేసెయ్యి. పెళ్లికి రెండు వారాల ముందు నా దగ్గర ఉంటే చాలు. ప్లీజ్ మామా, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

చెప్పులు వద్దన్నావు. సరే. నీకు జనం ముందుకు రావడం ఇష్టం ఉండదని నాకు తెలుసు. బడిలో నాకు ప్రైజ్ ఇచ్చిన రోజు కూడా నువ్వు గేటు బయటే నిలబడ్డావు, అత్తే లోపలికి వచ్చింది. నేను బలవంతం చేయను. కానీ అడగకుండా ఉండలేకపోయా, అంతే.

ఎవరికీ ఏమీ చెప్పి పెట్టకు మామా. నేను రాస్తా. కొంచెం ఆగు.

ఇవాళ ఇంక రాయలేను.

స్పందన

*

బాన్సువాడ,
28 ఏప్రిల్ 2025, సోమవారం

స్పందనకు,

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగానన్నది ఏందో నాకు అప్పుడు అర్థం కాలేదు. నిన్న అర్థమైంది.

నిన్న ఆరాధన అయిపోయే ముందు పాస్టరు గారు పెళ్లి ప్రకటన చదివారు. నేను ముందు చాప మీదనే కూర్చున్నాను. ఆయన పెదవులు చూస్తుంటే నీ పేరు తెలిసింది. స్పందన అన్నారు. వెస్లీ అన్నారు. మిగతాది తెలియలేదు. అందరూ నా వైపు తిరిగారు. సంతోషంతో తిరిగారనుకున్నాను. లేచి నిలబడి అందరికీ చేతులు జోడించాను.

బయటకు వచ్చి చెప్పులు వేసుకుంటుంటే సంఘ పెద్ద భార్య సీతారావమ్మ నా చెయ్యి పట్టుకొని చెవిలో చెప్పింది. "అన్నా, పెండ్లి సికింద్రాబాదు చర్చిల అన్నరు గదా. నువ్వేమో గీడనే అని ఊరందరికి చెప్తివి. నీకు ఎరుకలేదా?"

ఎరుకే అన్నాను.

ఎనభై చాపలు చెప్పి ఉన్నాను. వద్దని చెప్పి వచ్చాను. దేవీబాయి రెండు రోజులుగా అడుగుతోంది, పెండ్లికి ఏం కూర వండుతరు, వంకాయలు నేనే తెస్తనని. ఆమెకు ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు కొలత కూడా అర్థమైంది. ఆ చర్చిలో చెప్పులు విడవరు. ఎత్తు చెప్పులు వేసుకొని కొలిపించి ఉంటావు. రెండున్నర ఇంచుల మడమ. నేను ప్రేమలతను ఊరికే అన్నాను. ఆ పిల్లకు నా తరఫున చెప్పు.

నా చెప్పుల నంబరు ఎందుకు అడిగావో కూడా అర్థమైంది. అక్కడ అందరూ బూట్లతో వస్తారు. నా చెప్పులు బాగుండవు. నువ్వు అనుకున్నది తప్పు కాదు. నేను వెనక వరుసలో కూర్చుంటాను. అక్కడ ఎవరి కాళ్ళూ కనబడవు.

గౌను నలభై ఒకటికే ఉంది. ఇంక మడవను.

సమ్మన్న

*

సికింద్రాబాద్,
3 మే 2025

మామా,

నువ్వు ఎన్నడూ నాకు "సమ్మన్న" అని సంతకం పెట్టలేదు. అది చూసి బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చా.

తప్పు నాదే. ఫిబ్రవరిలోనే తెలుసు. వెస్లీ వాళ్ళ అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు దవాఖానలో మిషన్ మీద పెట్టి రక్తం శుభ్రం చేస్తారు. ఆమె బాన్సువాడ దాకా బస్సులో గానీ కారులో గానీ రాలేదు. కొడుకు పెళ్లి చూడాలని ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. వెస్లీ కూడా అడగలేదు. నేనే అన్నా, ఇక్కడే చేసుకుందామని. అన్నాక నీకు రాద్దామని కూర్చుంటే నీ ఉత్తరంలో చాపలు. మళ్ళీ కూర్చుంటే కాలువ నీళ్ళు, ఖాళీగా ఉండే కూలివాళ్ళు. మూడుసార్లు రాసి చింపేశా. ఆదివారాలు రాకపోవడానికి సెలవులు కారణం కాదు మామా. నీ ఎదురుగా నిలబడి చెప్పలేక రాలేదు. ఇంకొకరికి ఫోన్ చేసి నీకు చెప్పించే మాట కాదని ఊరుకున్నా. ప్రకటన పెళ్లికూతురి ఊరి చర్చిలో కూడా చదువుతారని నాకు తట్టనే లేదు.

కానీ చెప్పుల సంగతి నువ్వు అనుకున్నది కాదు. అస్సలు కాదు.

నాన్న లేడు. అమ్మ లేదు. పెళ్లిలో తలుపు దగ్గర నుంచి ముందు దాకా నా చెయ్యి పట్టుకొని ఎవరో ఒకరు నడిపించాలి. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? ఎర్ర కార్పెట్ మీద నా పక్కన నడిచేవాడికి మంచి బూట్లు కొనివ్వాలని నంబరు అడిగా. నోరు తెరిచి అడిగితే కాదంటావని భయమేసి, ముందు నంబరు అడిగా. నువ్వు "కొత్తవి వద్దు" అని రాశావు. అదే నీ జవాబు అనుకున్నా.

ఇప్పుడు నోరు తెరిచే అడుగుతున్నా. నడుస్తావా?

దేవీబాయి అత్తకు నేనే సారీ చెప్పానని చెప్పు. వంకాయలు మళ్ళీ వచ్చినప్పుడు కడుపు నిండా తింటా.

నీ
స్పందన

*

బాన్సువాడ,
10 మే 2025

స్పందన బిడ్డకు,

గౌను పార్సిల్ వేశాను. ఈ ఉత్తరం అందులోనే పెట్టాను. మడతల్లో వెతుకు.

పెళ్లికొడుకు తల్లి సంగతి ముందే రాసి ఉంటే చాపల మాట నేను ఎత్తేవాణ్ణే కాదు. ఆమె చూడాల్సిందే. మొదట నలభై ఒకటికి మడిచినప్పుడు కోసిన శాటిన్ ముక్కలతో చిన్న దిండు కుట్టి డబ్బాలో అడుగున పెట్టాను. దవాఖానలో సూది గుచ్చే చెయ్యి కింద పెట్టుకోవడానికి. లోపల దూది మెత్తగా దట్టించాను. లస్మవ్వను చివరి నెల దవాఖానలో పెట్టినప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అప్పుడు నాకు ఈ ఆలోచన రాలేదు.

దేవీబాయికి చెప్పాను. "పట్నంల వంకాయలు దొరకవా? మూట కట్టి బస్సుల పంపుత" అంటోంది. ఆపాను.

నువ్వు అడిగిన దానికి జవాబు. నేను నడవలేను బిడ్డా. కాళ్ళు బాగానే ఉన్నాయి. సిగ్గు సంగతి కూడా పక్కన పెడతాను. అసలు సంగతి వేరు. ముందుకు తీసుకుపోయాక పాస్టరు గారు అడుగుతారు, ఈ పిల్లను ఇచ్చేవారు ఎవరని. అప్పుడు పక్కన ఉన్నవాడు జవాబు చెప్పాలి. నాకు ఆ మాట వినబడదు. ఆయన అడుగుతారు, నేను నిలబడే ఉంటాను. మళ్ళీ అడుగుతారు. జనం నవ్వుతారు. నన్ను చూసి నవ్వితే ఏం కాదు. ఆ రోజు నీ పక్కన నవ్వు ఉండకూడదు. ప్రకటన చదివిన రోజు చేతులు జోడించి నిలబడ్డాను కదా, ఇప్పటికీ పొద్దున లేవగానే అదే కళ్ళ ముందుకు వస్తుంది.

వెస్లీ మేనమామ ఎవరైనా ఉంటే వాళ్ళను నీ చెయ్యి పట్టుకోమను. నేను వస్తాను. వెనక కూర్చుంటాను.

ఇగ గౌను మాట. ఇంకా మడవనని రాశాను కానీ మడిచాను. దర్వాజ దగ్గర నిలబెట్టి చూస్తే చెయ్యి ఊరుకోలేదు. ఈసారి గుడ్డ ఒక్క పోగు కూడా కోయలేదు. మిగతా గుడ్డ లోపలికి మడిచి, కచ్చా కుట్టు వేశాను. విప్పడానికి వేసే వదులు కుట్టు అది. ఇప్పుడు గౌను ఒట్టి కాళ్ళ కొలతకు ఉంది. ఎడమ పక్క లోపల, అస్తరు దగ్గర దారం చివర నీలం ముడి వేశాను. ఎత్తు చెప్పులు వేసుకునేట్టయితే ఆ ముడి తెంపి దారం మెల్లగా లాగు. చుట్టూ ఊడి వస్తుంది. మూడున్నర ఇంచులు కిందికి దిగి మళ్ళీ నలభై ఒకటికి వస్తుంది. ఇస్త్రీ పెట్టె ఎక్కువ వేడి పెట్టకు.

ఏది కావాలో నువ్వే చూసుకో.

మామ

*

సికింద్రాబాద్,
15 మే 2025

మామా,

గౌను వచ్చింది. దిండు అత్తయ్యకు ఇచ్చా. వెస్లీ వాళ్ళ అమ్మను ఇప్పటినుంచే అత్తయ్య అంటున్నాలే. ఆమె రెండు చేతులతో పట్టుకొని వాసన చూసింది. మరుసటి రోజు దవాఖానకు తీసుకుపోయింది. నర్సు "ఎక్కడ కొన్నారు?" అని అడిగితే, "కొనలేదు, మా వియ్యంకుడు కుట్టి పంపిండు" అందట. నువ్వు వియ్యంకుడివి అయ్యావు మామా. నీకు చెప్పకుండానే.

నీలం ముడి దొరికింది. తెంపలేదు.

నిన్న ప్రేమలత ఆఫీసుకు పోయాక తలుపు వేసుకొని గౌను వేసుకున్నా. ముందు ఒట్టి కాళ్ళతో. నేలకు ఒక ఇంచు పైన, నువ్వు రాసినట్టే ఆగింది. గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచా. ఎక్కడా చిక్కలేదు. తర్వాత హీల్స్ వేసుకున్నా. మడమలు కనబడుతున్నాయి, పొట్టి అయింది. నాలుగు అడుగులు వేసి తూలి మంచం పట్టుకున్నా. వెస్లీ పొడుగు, ఫోటోలో బాగుండాలని వాళ్ళ అక్క కొనిచ్చింది కానీ, పక్కన పట్టుకోవడానికి మనిషి లేకుండా నేను వాటి మీద నడవలేను.

వెస్లీకి మేనమామ ఉన్నాడు. మంచి మనిషి. "నేను నడిపిస్త బిడ్డా" అన్నాడు. వద్దని చెప్పా. పాస్టరు గారు అడుగుతారని నువ్వు రాసిన ప్రశ్నకు ఆయన ఏమని జవాబు చెబుతాడు? నన్ను ఇచ్చేవాడు ఆయనెట్లా అవుతాడు? ఒకటో తరగతి నుంచి ఇంటరు దాకా నా గీతలు ఆయన ఇంటి దర్వాజకు లేవు కదా.

వినబడదని ఫికర్ పడ్డావు. చిన్నప్పుడు నువ్వు మిషన్ తొక్కుతుంటే ఆ చప్పుడులో ఎంత పిలిచినా పలికేవాడివి కాదు. అప్పుడు నేనేం చేసేదాన్ని? వచ్చి నీ మోకాలి మీద రెండుసార్లు తట్టేదాన్ని. వెంటనే ఆగేవాడివి. పాస్టరు గారు అడిగినప్పుడు నీ చెయ్యి రెండుసార్లు నొక్కుతా. అప్పుడు "నేను" అనాలి. అంతే. ఒక్క మాట.

బలవంతం చేయనని రాశా ఒకసారి. ఇప్పుడూ చేయను. నువ్వు వెనక కూర్చుంటానంటే కూర్చో. నేను ఒక్కదాన్నే నడుస్తా, ఒట్టి కాళ్ళతో, నువ్వు మడిచిన గౌనులో. కింద పడను. నువ్వు పక్కన ఉంటే హీల్స్ వేసుకుంటా.

ఏది కావాలో నువ్వే చూసుకో అని రాశావు. నేను చూసుకోలేను. గౌనుకు ఆ మడత ఉండాలా, వద్దా? కుట్టినవాడివి నువ్వు. నువ్వే చెప్పు. ముడి తెంపకుండా నీ జవాబు కోసం ఆగుతా.

స్పందన

*

బాన్సువాడ,
20 మే 2025

బిడ్డ స్పందనకు,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. దుకాణం షట్టరు సగం దించి చదివాను.

ఆ ఒక్క మాట అద్దం ముందు నిలబడి అని చూశాను. నా గొంతు నాకే వినబడదు, ఎంత గట్టిగా వస్తుందో తెలియదు. దేవీబాయిని పిలిచి వినమన్నాను. మొదటిసారి, "గంత మెల్లగ అంటే ఎవలకు ఇనవడ్తది?" అంది. రెండోసారి, "కూరగాయలు అమ్ముతున్నవా? జర తగ్గియ్యి" అంది. ఐదోసారికి తల ఊపింది. ఇగ రోజూ పొద్దున చాయ తాగేటప్పుడు ఒకసారి విని చెబుతానంది.

ఇరవై ఎనిమిది పొద్దున మొదటి బస్సుకు వస్తాను.

నా కాలు ఎనిమిదో నంబరు. కుడిది కొంచెం వెడల్పు.

దారం లాగెయ్యి.

మామ